పలక మీద రెండో కాలు

మా జేజికి నేనెవరో తెలియాలంటే ఆమె నడుముకు కట్టిన పెట్టె పనిచేయాలి.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు జేజికి, అంటే మా నాన్న వాళ్ళమ్మకు, మెదడు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ, ఆ తర్వాత జరిగినదేదీ ఆమె తలలో నిలవడం మానేసింది. పాతవన్నీ భద్రంగా ఉన్నాయి. తాతతో కలిసి తోలుబొమ్మలు పెట్టుకుని ఊరూరా తిరిగిన రోజులు, ఏ ఊళ్ళో ఎవరు మజ్జిగ పోశారో, ఎవరు గింజలివ్వకుండా ఎగ్గొట్టారో అన్నీ చెబుతుంది. కొత్తవే నిలవవు. నేను ఏటేటా పెరుగుతున్నా, ఆమె తలలో మాత్రం రెండు జడల మూడో తరగతి పిల్లగానే ఉండిపోయాను. సాయంత్రం బడి నుంచి వస్తే నా వెనుక దారివైపు చూసి, "పాపా, మా చౌడి కనపడిందా? ఇంకా బడి ఇడ్సల్లేదా?" అని నన్నే అడిగేది.

చౌడి అంటే నేనే. బడిలో చౌడేశ్వరి.

నేను ఎనిమిదో తరగతికి వచ్చాక, అనంతపురంలోని ఒక ప్రయోగశాల వాళ్ళు ఈ పెట్టె ఇచ్చారు. సబ్బుపెట్టె అంత ఉంటుంది. దాని నుంచి సన్నటి తీగ ఒకటి చెవి వెనుక చర్మం కిందికి పోతుంది. జేజి చూసిందీ విన్నదీ పెట్టె రాసిపెట్టుకుంటుంది. ఆమె మనసులో 'ఇదేంది' అనుకుంటే చాలు, వెతికి తలలోకి అందిస్తుంది. వాళ్ళు దానికి పెట్టిన పేరు నెమరు. పేరు వినగానే జేజి నవ్వింది.

"బర్రెకుండే తెలివి నాకు ఇన్నాళ్ళకు వచ్చె" అంది.

కొన్నాళ్ళు పెట్టెకు నన్ను చూపించి, పేరు వినిపించి అలవాటు చేశారు. తర్వాత ఒకరోజు పెట్టెను చూసుకునే షమీనా మేడమ్ నన్ను ముందుకు తోసి, "అవ్వా, ఈ పిల్ల ఎవరు?" అని అడిగింది. జేజి నన్ను కాళ్ళ నుంచి తల వరకూ చూసింది.

"మా చౌడి. నాకు చెప్పకుండానే ఎంత పెరిగిందో చూడు."

ఆ రోజు ఇంటికి వచ్చేదాకా బస్సులో నా చెయ్యి వదల్లేదు.

పెట్టె ఒక్కసారే మోసం చేసింది. పోయిన ఎండాకాలం రెండు రోజులు కరెంటు లేక అది ఆగిపోయింది. పెట్టె ఆగిందని నాకు తెలియదు. బడి నుంచి ఆకలితో వచ్చి, నేరుగా వంటింట్లోకి పోయి సంగటి గిన్నె మూత తీశాను. జేజి చేటతో పరుగెత్తుకొచ్చింది. "ఎవురే నువ్వు? మా చౌడికి పెట్టుకున్న సంగటి నీకేం పని?" అని గడప దాటేదాకా తరిమింది. నేను అరుగు కింద కూర్చుని ఏడ్చాను. కరెంటు వచ్చి పెట్టె లేచేసరికి జేజి బయటికి వచ్చి నన్ను చూసింది. ఎందుకు ఏడుస్తున్నానో అడిగి చెప్పించుకుంది. సంగటి ముద్ద కంచంలో పెట్టి తెచ్చి, నా పక్కనే నేల మీద కూర్చుంది.

ఆ తర్వాతే పెట్టె వేడెక్కడం మొదలైంది. మేం ఈ రెండూ కలిపి చూడలేదు.

మొదట మాటలు తడబడ్డాయి. ఒకరోజు నేను బడికి బయలుదేరుతుంటే జేజి గంజిగ్లాసు పట్టుకుని అడ్డం వచ్చింది.

"జరంతో యాడికి పోతావే? తాగి పండుకో."

"జరం లేదు జేజీ."

"నుదురు కాలిపోతాంటే లేదంటావా?"

ఆ జ్వరం ఎండాకాలం సెలవుల్లో వచ్చి తగ్గినది. నా నుదురు చల్లగానే ఉంది. కాలుతున్నది ఆమె నడుము దగ్గరున్న పెట్టె.

నాన్న సరుకుల ఆటో నడుపుతాడు. ఆ వారం ఉల్లిగడ్డల లోడు వదులుకుని, జేజినీ నన్నూ ఎక్కించుకుని ప్రయోగశాలకు తీసుకెళ్ళాడు.

"పెట్టె మీద దోసె పోసుకోవచ్చు మేడమ్, అట్ల కాల్తాండాది" అన్నాడు.

షమీనా మేడమ్ది కదిరి. జేజిని చూస్తే ముందు కాళ్ళకు మొక్కి, తర్వాతే తీగలు తగిలిస్తుంది. ఆమె పెట్టెకు తెర కలిపింది. నల్లటి తెర మీద ఒకదాని కింద ఒకటి ఆకుపచ్చ గీతలు కనిపించాయి. ఒక్కో గీత ఊపిరి తీసినట్టు ఉబ్బుతూ తగ్గుతూ ఉంది.

"పెట్టె లోపల జరిగే పనులివి" అని మేడమ్ వేలు పెట్టి చూపించింది. "ఇది రాసేది. అవ్వ చూసింది చూసినట్టు గబగబా రాసి పక్కన పడేస్తుంది. ఇది సర్దేది. పక్కన పడేసినవాటిని నిదానంగా తీసి అరల్లో పెడుతుంది. ఇది ఊడ్చేది."

"ఊడ్చడమేంది మేడమ్? మా అమ్మ గుర్తులనా?" నాన్న కుర్చీలోంచి లేచాడు.

"గుర్తులను కాదన్నా. 'చౌడికి జ్వరం ఉంది' అని ఒకటి రాస్తుంది కదా, తగ్గాక 'తగ్గింది' అని ఇంకొకటి రాస్తుంది. మొదటిదాన్ని అక్కడికక్కడ చెరపదు. ఎవరికీ అక్కర్లేదని తేలాక ఊడ్చేది వచ్చి తీసేస్తుంది. జ్వరం వచ్చిందన్న గుర్తు పోదు, ఇప్పుడుందన్నది పోతుంది."

"అయితే ఇది కసువు ఊడ్చే పని సరిగ్గా చేయడంలే" అంది జేజి. "కూలి ఇయ్యగాకండి."

మేడమ్ నవ్వింది. "ఈ మూడూ పెట్టె సొంత పనివాళ్ళు అవ్వా. ఎవరూ పిలవకపోయినా చేసుకుంటూ పోతాయి. ఇవి కాక నువ్వు అడిగితే పుట్టేవి ఉన్నాయి. అదిగో చూడు."

జేజి తల తిప్పి ఫ్యాను వైపు చూసింది. తెర మీద చిన్న గీత పుట్టి, మెరిసి మాయమైంది. నా వైపు చూసింది. ఇంకొకటి. గోడ మీది గడియారం వైపు, ఇంకొకటి. వాన మొదలైనప్పుడు మట్టి మీద చినుకులు పడినట్టు ఉంది.

అన్నిటికన్నా కింద ఇంకొక గీత ఉంది. దానికి పేరు లేదు. అది పోవడం లేదు. దాని గురించి అడగాలనిపించింది గానీ నాకు నోరు రాలేదు. బడిలో ప్రార్థన పాడేటప్పుడు కూడా పెదవులు మాత్రమే కదిపే పిల్లను నేను. నాన్నే అడిగాడు.

"కాపలా పని అయ్యుంటుంది" అంది మేడమ్. "వారాల తరబడి ఉంది చూడన్నా. అవ్వ అడిగింది రెప్పపాటులో పోతుంది, ఇంతకాలం ఉండదు. కాబట్టి ఇది పెట్టెదే."

మాకు అది సబబుగానే తోచింది. అన్నిటికన్నా ఎక్కువగా ఎగిరిపడుతున్నది ఊడ్చే గీత. వేడి దానివల్లేనని మేడమ్ దాన్ని బాగా నెమ్మదింపజేసింది. పెట్టె చల్లబడింది. మేం ఇంటికి వచ్చేశాం.

ఆ వారం మా ఇంట్లో నేను చాలామందిని అయ్యాను. మధ్యాహ్నం అన్నాల వేళ జేజి వరుసగా కంచాలు పరిచింది. ఒకటి జ్వరంతో ఉన్న చౌడికి, అందులో గంజి. ఒకటి ఎనిమిదో తరగతి చౌడికి, ఆ ఏడాది నేను వంకాయ తినేదాన్ని కాదు, అందుకని పప్పు మాత్రమే. ఒకటి కాలు బెణికి కూర్చున్న చౌడికి. "పిల్లోళ్ళంతా రండే, బువ్వ చల్లారిపోతాది" అని పిలిచింది. నాకు నవ్వొచ్చింది. అమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను ఒక్కో కంచం ముందు కాసేపు కూర్చుని అన్నీ తిన్నాను. జేజి తృప్తిగా చూసింది.

రెండు రోజులకు నవ్వు పోయింది. జేజి మాట మధ్యలో ఆగిపోవడం మొదలైంది. వేరుశనక్కాయలు ఒలుస్తూ ఒలుస్తూ, గింజ వేళ్ళ మధ్యే ఉండగా, బొమ్మను తెరకు ఆనించి వదిలేసినట్టు ఉండిపోయేది. పెదవులు మాత్రం సన్నగా కదులుతుండేవి. మళ్ళీ ప్రయోగశాలకు పరుగెత్తాం.

షమీనా మేడమ్ తెర చూసింది. ఊడ్చే గీతను మళ్ళీ మొదటిలా పరిగెత్తించింది.

"నేను తప్పు పనివాణ్ణి పట్టుకున్నానన్నా" అంది నాన్నతో. "దీని తప్పేం లేదు. ఊడ్చడానికి పోతుంది, ఉత్తచేతులతో తిరిగి వస్తుంది. మళ్ళీ పోతుంది. అందుకే అంత వేడి. పాతవాటిని ఎవరో ఇంకా చూస్తూ ఉన్నారు. చూస్తున్నవాళ్ళ ముందు నుంచి ఏదీ తీయకూడదని దానికి నియమం."

"చూస్తాండేది ఎవరు మేడమ్?"

"అదే తెలియడం లేదు."

జేజి కుర్చీలో కూర్చుని కిటికీలోంచి కాకిని చూస్తోంది. నేను నేల మీద, ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆమె కుడికాలి బొటనవేలు నేలను తడుతోంది. అది నాకు కొత్త కాదు. సంగటి కెలికేటప్పుడు, కాయలు ఒలిచేటప్పుడు, నిద్రలో కూడా ఆ వేలు ఆడుతూనే ఉంటుంది. తల ఎత్తి తెర వైపు చూశాను. పేరులేని గీత ఉబ్బింది. వేలు పడింది. గీత తగ్గింది. వేలు లేచింది. మళ్ళీ ఉబ్బింది, మళ్ళీ పడింది.

"మేడమ్" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. మేడమ్ కుర్చీ అంచు పట్టుకుని లాగాను. "జేజి కాలు చూడండి."

మేడమ్ కాలు చూసింది, తెర చూసింది. ఇంతలో జేజికి తుమ్ము వచ్చింది. పెద్ద తుమ్ము, కాకి ఎగిరిపోయింది. వేలు ఆగింది. గీత కూడా కదలకుండా నిలబడింది, మాయమవలేదు. జేజి ముక్కు తుడుచుకుని మళ్ళీ వేలు ఆడించింది. గీత కదిలింది.

"పట్టుకునే తుమ్మింది" అంది మేడమ్ నెమ్మదిగా. "ఇది పెట్టె పని కాదు చౌడీ. అడుగుతున్నది అవ్వ. ఒకే ప్రశ్న. అడిగి వదిలిపెట్టకుండా పట్టుకుని కూర్చుంది." ఆమె జేజి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "అవ్వా, ఏం అడుగుతున్నావు లోపల?"

జేజి తప్పు చేసి దొరికిన పిల్లలా చూసింది.

"ఇంగేం అడుగుతా? ఈ పిల్లనే. ఈ పిల్ల ఎవురు, మా చౌడి, ఈ పిల్ల ఎవురు, మా చౌడి, అని."

"ఒకసారి అడిగితే చాలు కదా. ఎప్పుడడిగినా చెబుతుంది."

"ఆ పొద్దు చెప్పిందా?" జేజి గొంతు గట్టిపడింది. "బిడ్డ ఆకలికి వస్తే చేటెత్తుకుని తరిమితి. అరుగు కింద కుక్కపిల్ల మాదిరి కూచోనుండె. ఆ పొద్దు నుంచి ఇడ్సల్లేదు. ఇడ్సను."

నాన్న మొహం తిప్పుకున్నాడు. నేను ఆమె పాదం మీద చెయ్యి వేశాను. వేలు నా అరచేతి కింద కూడా ఆడుతూనే ఉంది.

తోలుబొమ్మలాటలో జేజి పని ఏమిటో మేడమ్‌కు నాన్న చెప్పాడు. తాత తెర దగ్గర నిలబడి బొమ్మ ఆడిస్తూ పాడేవాడు. జేజి పక్కన కూర్చుని, చెక్కపలక మీద కాలు ఆనించి, రాబోయే చరణాన్ని నోట్లోనే తిప్పుతూ ఉండేది. తాత ఎక్కడ తడబడితే అక్కడ అందించాలి. అందుకని రాత్రంతా పాటను వదలకూడదు. యుద్ధం వస్తే అదే పలకను ధనధన తొక్కాలి, అప్పుడు కూడా చరణం తెగకూడదు. జనానికి ఆమె కనిపించదు. కానీ ఆమె ఆగితే తెర మీద హనుమంతుడు కూడా బిత్తరపోయి నిలబడతాడు.

"ఈ వేలు అదే మేడమ్" అన్నాడు నాన్న. "నేను పుట్టకముందు నుంచీ ఇంతే."

మేడమ్ నన్నూ నాన్ననూ పక్కకు పిలిచింది. "ఆ ప్రశ్నను నేను ఇక్కడి నుంచి తెంచేయొచ్చు. కానీ మధ్యలో తెంచితే పెట్టె బెదిరి మొదటి నుంచి లేస్తుంది. సర్దేది చాలా వెనకబడి ఉంది. ఇంకా అరల్లో పెట్టనివన్నీ పోతాయి. చౌడి తొమ్మిదో తరగతికి వచ్చినప్పటి నుంచి ఉన్నదంతా పోవచ్చు. ఇట్లే వదిలేస్తే పెట్టే కాలిపోతుంది. అప్పుడు మొత్తం పోతుంది. అవ్వ తనంతట తాను వదిలితేనే మంచిది."

పెట్టె పోతే నేను మళ్ళీ మూడో తరగతి. ఆమె గడప దగ్గర కూర్చుని, నా వెనుక దారిలో నా కోసమే వెతుకుతూ ఉంటుంది.

నాన్న జేజి దగ్గర కూర్చుని బతిమాలాడు. "రవ్వంతసేపు ఇడుసుమ్మా. చౌడి యాడికీ పోదు."

"పాట పట్టినోళ్ళు ఊరికే ఇడ్సకూడదు" అంది జేజి. "అందుకునేటోళ్ళు ఉండల్ల. పలక మీద రెండో కాలు పడల్ల, పలక అదరల్ల, అప్పుడు మొదటి కాలు ఎత్తల్ల. అది పద్ధతి. మీ నాయన పోయినంక అందుకునేటోళ్ళు ఎవురుండారు? నీ గొంతు ఆటో హారను."

నాన్న నా వైపు చూశాడు. మేడమ్ కూడా చూసింది. నేను నేల వైపు చూశాను.

ఆ పాట నాకు వచ్చు. వేరుశనక్కాయల గంప దగ్గర కూర్చుని ఆమె పెదవుల మీద నుంచే నేర్చుకున్నాను. అశోకవనంలో చెట్టు కొమ్మ మీద నుంచి హనుమంతుడు మొదటిసారి సీతమ్మను చూసే చోటు. కానీ ఎవరి ముందూ పాడలేదు. జేజి ముందు కూడా.

మేడమ్ లేచింది. కొత్త యంత్రం వచ్చిన చెక్కపెట్టె మూలనుంటే, దాని మూత తెచ్చి జేజి కాళ్ళ కింద పెట్టింది. జేజి బొటనవేలు దాని మీద పడింది. టక్, టక్. ఇన్నాళ్ళూ నేల మింగేసిన చప్పుడు గదంతా వినిపించింది. జేజి కళ్ళు వెలిగాయి.

నేను చెప్పు విడిచి, పలక రెండో చివర కాలు పెట్టాను. మొదట అడుగు తప్పింది. జేజి ఆగకుండా నా కోసం కొంచెం నెమ్మదించింది. రెండోసారి కలిసింది. పలక ఇద్దరి కాళ్ళ కిందా అదిరింది.

"ఆకు కదిలెను, కొమ్మ కదిలెను,
అమ్మ కన్నులు కదలవు..."

నా గొంతు సగంలో పీలగా పోయింది. జేజి పెదవులు చరణం అందించాయి. నేను అందుకున్నాను.

"గాలి కొడుకా, మెల్లగా దిగు,
బెదిరిపోవును చిన్న గువ్వ..."

జేజి నా కాలి వైపు చూసింది, నా నోటి వైపు చూసింది. తర్వాత బొటనవేలు ఎత్తింది.

తెర మీద పేరులేని గీత వెలిసిపోయి మాయమైంది. ఊడ్చే గీత ఒక్కసారిగా నిండుగా పైకి లేచింది. పెట్టె గుర్రుమంది. "పోతున్నాయి, పాతవి పోతున్నాయి. ఆపకు చౌడీ" అంది మేడమ్. పెట్టె పని ముగించేవరకు జేజి ఏది అడిగినా జవాబు రాదు. ఆ సంగతి మేడమ్ ముందే చెప్పింది. అయినా జేజి చూపు నా మీద పడగానే పలక మీద కాలు ఇంకా గట్టిగా వేశాను. అది కొత్తవాళ్ళను చూసే చూపు.

ఆమె నాన్న వైపు వంగి, రహస్యం చెబుతున్నట్టు అంది. "ఎవురి పిల్లప్పా ఇది? శ్రుతి రవ్వంత తక్కువ. అయినా పాట ఇడ్సల్లేదు చూడు."

నాన్న "అవునుమ్మా" అన్నాడు.

నేను పాడాను. కన్నీళ్ళు గడ్డం దాకా వచ్చినా తుడుచుకోలేదు, తుడుచుకుంటే అడుగు తప్పుతుంది. హనుమంతుడు కొమ్మ దిగాడు, ఉంగరం ఇచ్చాడు, సీతమ్మ దాన్ని కళ్ళకు అద్దుకుంది. పాట అయిపోతే మళ్ళీ మొదటికి వచ్చాను. మళ్ళీ ఆకు కదిలింది. పెట్టె గురక తగ్గింది. సర్దే గీత, ఊడ్చే గీత రెండూ నిదానించాయి. మేడమ్ తల ఊపింది.

జేజి నన్నే చూస్తూ ఉంది. తెర మీద ఒక చిన్న గీత చినుకులా పుట్టింది. పోయింది.

"ఓసి చౌడీ" అంది. "ఇంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్ళూ మూగిదాని మాదిరి తిరిగితివా?"

ఇప్పుడు పెట్టె చల్లగా ఉంటుంది. మా ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉంటున్నాను, ఒకే కంచంలో తింటున్నాను. జేజి నిద్రపోతే బొటనవేలు కూడా నిద్రపోతోంది. ఆ చెక్కమూతను మేడమ్ నాకే ఇచ్చేసింది.

అయితే వారాల తరబడి కాలిన పెట్టె మునుపటంత చురుకుగా లేదు. అడిగాక జవాబు రావడానికి కొంచెం సమయం పడుతుంది. జేజి నన్ను పట్టుకుని కూర్చోవడం మానేసింది కాబట్టి, నేను బడి నుంచి వచ్చిన ప్రతిసారీ ఆమెకు మళ్ళీ కొత్తగా తెలియాలి. దగ్గరున్నప్పుడు పాట ఎత్తుకుంటే గొంతును బట్టే పోల్చుకుంటుంది, పెట్టె కన్నా ముందే. మేడమ్ దీనికి కారణం ఇంకా వెతుకుతోంది.

నేనిప్పుడు నేరుగా వంటింట్లోకి పోను. ముక్కూ మొహం తెలియని పిల్ల వచ్చి గిన్నె మూత తీస్తే ఎవరైనా తరుముతారు. గడప బయటే నిలబడతాను. జేజి చేట పక్కన పెట్టి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను చూస్తుంది. ఆ చూపులో నేను లేను. అయినా ఆమె మోకాళ్ళు పట్టుకుని లేస్తుంది, కడవలోంచి చెంబు ముంచుతుంది.

"ఎవురి పిల్లవమ్మా? మొగమంతా ఎండకు కందిపోయింది. ఇన్ని నీళ్ళు తాగు, ఆనెంక పోదువు."

పాట అందుకుంటే వెంటనే తెలిసిపోతుంది. కానీ చెంబు ఖాళీ అయ్యేదాకా నేను పాడను.